ఒంటికాలి మీద నిశ్చింత

పింఛను అనేది మనిషిని పాడుచేసే వస్తువు! అందులోనూ కాలో చెయ్యో పోయినవాడికి ఇచ్చే పింఛను ఉందే, అది మరీ పాడుచేస్తుంది. నెల తిరిగేసరికి ఇంత బియ్యం, ఇంత కిరసనాయిలు ఇంటికి వస్తుంటే ఆ మనిషికి పోయిన కాలి మీద బెంగ ఎక్కడుంటుంది? బెంగ లేనివాడు ప్రయత్నం ఎందుకు చేస్తాడు? ప్రయత్నమే చేయనివాడికి కాలు ఎలా మొలుస్తుంది?

ఇంత గంభీరమైన సత్యాన్ని మన వరంగల్లుకు మోసుకొచ్చిన ఘనత నిశ్చింత ప్రైవేట్ లిమిటెడ్ వారిది. ఎనభైల నడిమి సంగతి. అప్పటికి మన దగ్గర సర్కారు బస్సు, సర్కారు దవాఖాన, చేనేత సంఘం పింఛను తప్ప మరో నాగరికత తెలియదు. 'ప్రైవేట్' అన్న మాట వినగానే కుర్చీలో సర్దుకుని కూర్చునేవాళ్లం. ఆ మాట మనకు చేసిన మేలు ఎంతటిదో తెలియాలంటే జంపఖానాల పర్శరాములుకు ఏం జరిగిందో వినాలి.

పర్శరాములు మగ్గాల వాడలో జంపఖానాలు నేసేవాడు. ముప్పై అయిదేళ్ల మనిషి. చెయ్యి ఎంత చురుకో నోరు అంతకంటే చురుకు. మగ్గం కింది గుంటలో కాళ్లు దించి నేస్తూనే ఎవరింట్లో ఏం కూరో, ఎవరి అల్లుడు ఎందుకు అలిగాడో నాలుగిళ్ల అవతలికి వినిపించేలా చెప్పేవాడు. మగ్గాల చప్పుడు మీద పెంచీ పెంచీ ఆ గొంతు అలాగే స్థిరపడిపోయింది. రహస్యం చెప్పాలన్నా ఆయనకు అదే గొంతు.

"జర మెల్లగ మాట్లాడయ్యా! మనింట్ల ఉప్పు ఒడిసిన సంగతి హన్మకొండ దాక తెల్వాల్నా?" అనేది భార్య లచ్చవ్వ, చరఖా దగ్గర నూలు కండెలు చుడుతూ.

ఒక వానాకాలం చేనేత సంఘం గోదాము దగ్గర లారీలోంచి నూలు బేళ్లు దించుతుంటే తాడు తెగింది. బేలు వచ్చి పర్శరాములు ఎడమకాలి మీద పడింది. దవాఖానలో కాలు మోకాలి పైదాకా తీసేసి ప్రాణం దక్కించారు. గుంటమగ్గం తొక్కాలంటే రెండు కాళ్లూ కావాలి. ఒంటికాలితో నేసే జంపఖానాను లోకంలో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఆ రోజుల్లో సంఘంలో ఒక అనాగరికమైన పద్ధతి ఉండేది. నేతపనివాళ్లందరి కూలిలోంచీ కొద్దికొద్దిగా పట్టుకుని అంతా ఒకేచోట వేసేవారు. ముసలివాళ్లకు, చూపు మందగించినవాళ్లకు, పర్శరాములు లాంటివాళ్లకు అందులోంచే నెలనెలా ఇచ్చేవారు. నువ్వెంత వేశావు, నీకెంత రావాలి అని అడిగే నాథుడు లేడు! ఎవరి డబ్బు ఎవరు తింటున్నారో తెలియని ఇంతటి గందరగోళంలో వాడంతా ఏళ్ల తరబడి హాయిగా నిద్రపోయిందంటే ఆ అమాయకత్వాన్ని ఏమనాలి?

ఆ నిద్ర లేపడానికే నిశ్చింత కంపెనీ మేనేజరు రాజేశ్వర్ రావు గారు స్కూటరు మీద వచ్చారు. సఫారీ సూటు, చేతిలో బ్రీఫ్‌కేసు, మొహం మీద చెదరని చిరునవ్వు. సంఘం ప్రెసిడెంటు సారంగపాణి ఆయన్ను వేదిక మీద కూర్చోబెట్టి మెడలో దండ వేశాడు. ఆయన సారంగపాణి మెడలో అంతకంటే పెద్ద దండ వేశారు. మేనేజరు నోరు విప్పకముందే సంగతి సగం తేలిపోయింది.

"అన్నలారా! మీ చెమట పైసలు మీవి కావా? మీరు నేస్తుంటే మరొకరు కూర్చుని తినడం ఏం న్యాయం?" అన్నారు రాజేశ్వర్ రావు గారు.

'మరొకరు కూర్చుని' అనగానే సభలో తలలన్నీ ముందు వరసలో కూర్చున్న పర్శరాములు వైపు తిరిగాయి. ఎవరా మహానుభావుడు అని పర్శరాములు తానూ వెనక్కి తిరిగి చూశాడు.

"ఇకమీదట ఎవరి ఖాతా వారిది! మీ పైసలు మా కంపెనీలో పెరుగుతూనే ఉంటాయి. యాభై ఎనిమిదేళ్లు నిండిన రోజున మొత్తం మీ చేతిలో! ఎవరినీ అడుక్కునే పని లేదు, ఎవరికీ పెట్టే పని లేదు. నిశ్చింత!"

రాజమల్లు అనే కుర్ర నేతగాడు లేచాడు. కొత్తగా పెళ్లయినవాడు, కండలు తిరిగినవాడు. ఎవరి ఖాతా వారిది అన్న మాట అతనికి బాగా నచ్చింది. అయినా అడిగాడు. "మల్ల కాళ్లు చేతులు పోయినోళ్ల సంగతేంది సార్?"

"వాళ్లకు స్పెషల్ కవర్!"

స్పెషల్! చాయ్‌లో స్పెషల్ తెలుసు, బస్సులో స్పెషల్ తెలుసు. అంతటి మాట పింఛనుకు తగిలితే చప్పట్లు కొట్టకుండా ఎవరుంటారు? అందరికంటే గట్టిగా కొట్టినవాడు పర్శరాములే. చేతులెత్తమన్నప్పుడు చంకకర్ర పక్కన పెట్టి మరీ రెండు చేతులూ ఎత్తాడు.

"మనకు స్పెషలట లచ్చవ్వా!" అన్నాడు ఇంటికొచ్చి.

"స్పెషల్ అంటె ఏంది?"

"అడుగలే. అందరు చప్పట్లు కొడ్తాంటె నడుమ అడిగితె బాగుండదు గద!"

ఏళ్లుగా సంఘంలో పోగైన పింఛను సొమ్మంతా కంపెనీకి వెళ్లింది. సారంగపాణికి ఒక శాలువా, ఫోటో వచ్చాయి. శాలువా వాడలో నేసింది కాదు, మిల్లుది. అయినా అంత ఎండలోనూ ఆయన కప్పుకునే తిరిగాడు.

పింఛను రోజు వచ్చింది. సంఘంలో ఇచ్చేది ఏమీ లేదు, హన్మకొండలో కంపెనీ ఆఫీసుకు పొమ్మన్నారు. పర్శరాములు ఉతికిన అంగీ తొడుక్కుని బస్సెక్కాడు. ఆఫీసు చౌరస్తాకు దగ్గర్లో, ఒక బట్టల కొట్టు పైన, మూడో అంతస్తులో ఉంది. కిందే పెట్టుకోవచ్చు కదా అంటారేమో! అంత ఎత్తున ఉంటే తప్ప ఎవరికి నిజంగా అవసరమో, ఎవరికి కాదో ఎలా తెలుస్తుంది? అవసరం ఉన్నవాడు ఎక్కుతాడు. పర్శరాములు మెట్టు మీద కూర్చుని, చేతులు ఆనించి ఒళ్లు పైకి లాక్కుని, కర్రను వెనకనుంచి అందుకుని, మళ్లీ పై మెట్టు మీద కూర్చుంటూ ఎక్కాడు. పైకి చేరేసరికి ఉతికిన అంగీ ఉతకాల్సిన అంగీ అయింది.

లోపల కంపెనీ డాక్టరు గారు ఆయన్ను చూశారు. చూశారంటే, తల పైకెత్తారు.

"పైకి ఎవరు తీసుకొచ్చారు?"

"ఎవరు తెస్తరు సార్? నేనే ఎక్కచ్చిన."

"మూడంతస్తులూ?"

"మూడంతస్తులు!" అన్నాడు పర్శరాములు, మెచ్చుకుంటారేమోనని.

డాక్టరు గారు మెచ్చుకున్నారు. "భేష్. మూడంతస్తులు ఎక్కగలిగిన మనిషి వికలాంగుడు కాదు."

"మల్ల ఎక్కలేనోడస్తే?"

"రాలేని మనిషిని నేనెలా పరీక్ష చేసేది?"

పాఠకులారా, వైద్యశాస్త్రం ఎంత ముందుకు పోయిందో చూడండి! దవాఖానలో డాక్టర్లు కాలు తీసేశారే గానీ మనిషిని బాగుచేయలేకపోయారు. ఇక్కడ ఈయన ముట్టుకోకుండానే నయం చేసేశాడు!

పర్శరాములు అక్కడితో ఆగక మేనేజరు గదిలోకి వెళ్లాడు. రాజేశ్వర్ రావు గారు చిరునవ్వుతోనే కుర్చీ చూపించారు.

"స్పెషల్ కవర్ అంటిరి గద సార్."

"అన్నాం, ఉంది. అది స్కీములో చేరిన తర్వాత కాలు పోయినవాళ్లకు. నీ కాలు ముందే పోయింది. అయినా ఫికర్ పడకు, నీకు ఇంకో కాలుంది కదా? దానికి కవర్ ఉంది!"

పర్శరాములు తన కుడికాలి వైపు కొత్తగా చూసుకున్నాడు. "గిది పోతె ఎంతిస్తరు సార్?"

"నీ ఖాతాలో ఎంతుంటే అంత."

"నా ఖాతాల ఏమున్నది?"

"ఏం లేదు. నేస్తే పడుతుంది."

"నేసుడుకు కాలు లేదు గద సార్!"

"అందుకే ఏమీ పడలేదు," అన్నారు రాజేశ్వర్ రావు గారు, పిల్లవాడికి ఎక్కం చెప్పినంత ఓపికగా.

ఇందులో తప్పేముంది? లెక్క శుభ్రంగా ఉంది. ఎవరూ కసురుకోలేదు, ఎవరూ గెంటలేదు. పోతూ పోతూ మంచినీళ్లు కూడా ఇచ్చారు. మెట్లు దిగడం ఎక్కడం కంటే కష్టమని పర్శరాములుకు ఆ రోజే తెలిసింది.

ఇంటికొచ్చి సంగతి చెప్పాడు. చెప్పాడు గానీ ఆ గొంతు పక్కింటికి కూడా వినిపించలేదు. లచ్చవ్వకు మొదటి భయం అక్కడే పుట్టింది.

తర్వాతి రోజుల్లో ఆయన మూలన కూర్చుని లచ్చవ్వ చరఖా తన ముందుకు లాక్కుని కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఆడవాళ్లు చేసే పని అది. దానికి ఆయన సిగ్గుపడలేదు, నవ్వనూ లేదు. వాడలో ఆ రోజుల్లో ఎవరింట్లో ఏం కూరో ఎవరికీ తెలియలేదు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపించింది. పక్క వాడ నుంచి పాత మగ్గాలు కొనిపించే మధ్యవర్తి ఒకడు వచ్చి ఖాళీగా పడున్న మగ్గాన్ని నిమిరి చూశాడు. కర్ర మంచిదేనన్నాడు. రేపు బండి తెస్తానన్నాడు.

బండి వచ్చేసరికి లచ్చవ్వ మగ్గం గుంటలో ఉంది. చీర చెంగు నడుముకు చుట్టి, కాళ్లు లోపలికి దించి కూర్చుంది.

"ఏందమ్మా, దిగినవు?" అన్నాడు మధ్యవర్తి.

"మా నాయన మగ్గం గుంటల నేను చిన్నప్పుడే దిగిన. ఇప్పుడు మల్ల దిగిన. నువ్వు బండి తీస్కపో."

చిన్నప్పటి నేత కాళ్లకు వెంటనే గుర్తుకు రాలేదు. మొదటి జంపఖానా అంచు ఒకచోట లోపలికి, ఒకచోట బయటికి పోయింది. సంఘంలో దాన్ని పక్కన పడేశారు. రెండోది తీసుకున్నారు గానీ కూలి తగ్గించారు. పర్శరాములు పక్కన కూర్చుని దారం తెగినచోట ముడి వేసి ఇచ్చేవాడు. మాట్లాడేవాడు కాదు.

ఒకనాటి మధ్యాహ్నం లచ్చవ్వ మగ్గం ఆపింది. "ఇగో, పైసలు లేకపోతె నేను ఓర్సుకుంట. నువ్వు గిట్ల నోరు మూసుకోని కూసుంటె మాత్రం నాతోని గాదు. నాకు భయమైతాంది. పో, ఆ ఆఫీసుకాడికే పోయి మాట్లాడు."

"ఎవలతోని మాట్లాడాలె? వాళ్లు ఇనరు."

"ఇనేటోళ్లతోనే మాట్లాడు. ఎవలో ఒకలు ఇంటరు."

పర్శరాములు మర్నాడు హన్మకొండ పోయాడు. మెట్లు ఎక్కలేదు. కింద, మొదటి మెట్టు మీద, కాలు జాపుకుని కూర్చున్నాడు. స్కీములో చేరడానికి వచ్చినవాళ్లు పలకరిస్తే తన సంగతి చెప్పాడు. తిట్టలేదు, ఏడవలేదు. కూర వార్త చెప్పినట్టే చెప్పాడు. గొంతు మాత్రం తిరిగొచ్చింది. బట్టల కొట్టులో చీరలు బేరం చేసేవాళ్లు కూడా బేరం ఆపి విన్నారు. పైకి వెళ్లాల్సినవాళ్లు సగం మంది వెనక్కి తిరిగారు.

సాయంత్రానికి రాజేశ్వర్ రావు గారే కిందికి దిగొచ్చారు. ఆయన చిరునవ్వు మొదటిసారి కొంచెం వాడింది. అయినా తెలివైన మనిషి. ఇలాంటివాణ్ని పోలీసుకు పట్టిస్తే చెడ్డపేరు, పక్కన పెట్టుకుంటే మంచిపేరు.

"నీ గొంతు బాగుందయ్యా. మా కంపెనీకి పబ్లిసిటీ చేస్తావా? రిక్షా ఇస్తాం, మైకు ఇస్తాం, కూలి ఇస్తాం. ఒంటికాలి మనిషికి ఉద్యోగం ఇచ్చిన కంపెనీ అని మాకూ పేరు. ఒక్కటే మాట. ఉద్యోగం ఉన్నవాడు వికలాంగుడు కాడు కాబట్టి ఆ పింఛను గొడవ ఇంతటితో క్లోజ్!"

పర్శరాములు ఎగిరి గంతేయలేదు, వీలు కాలేదు కాబట్టి. కానీ సంబరపడ్డాడు. కాలు పోయిన తర్వాత ఆయన్ను పనికి రమ్మని పిలిచిన మొదటి మనిషి ఆ మేనేజరే. ఇది వ్యంగ్యం కాదు, నిజం.

"లచ్చవ్వా, కంపెనీ కూలి తింటాన. కంపెనీ గురించి మంచిగనే చెప్పాలె," అన్నాడు ఆ పూట అన్నం తింటూ.

"మంచిగనే చెప్పు. ఉన్నది లేనట్టు మాత్రం చెప్పకు. మనోళ్లే ఇంటరు, రేపు మొఖం చూపియ్యాలె."

సినిమా పోస్టర్లు అంటించుకుని తిరిగే కొమురెల్లి రిక్షాను కంపెనీ మాట్లాడింది. పైన రెండు లౌడ్‌స్పీకర్లు, ముందర బ్యాటరీ, మధ్యలో కుర్చీ మీద పర్శరాములు. జీవితంలో మొదటిసారి మైకు చేతికొచ్చింది. ఇన్నేళ్లూ మైకు లేకుండానే ఇంత చేశానా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది.

"అన్నలారా, అక్కలారా! నిశ్చింత స్కీము! ఎవరి ఖాతా వాళ్లదే! యాభై ఎనిమిదేండ్లు నిండంగనే మీ పైసలు మీ చేతుల!" అంటూ రిక్షా మగ్గాల వాడలోకి మళ్లింది. కంపెనీ నేర్పిన మాటలు అంతవరకే. అవి వీధి సగానికి రాకముందే అయిపోయాయి.

మొగిలమ్మ ఇంటిముందు రిక్షా ఆగింది. మొగిలమ్మ ముసలిది, చూపు ఆనక కండెల పని మానేసిన మనిషి. ఆమెకూ ఆ నెల పింఛను రాలేదు, ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు.

"బిడ్డా పర్శరాములూ, నాకేమస్తది ఆ స్కీముల?"

అడిగినదానికి చెప్పాలి కదా! చెప్పడానికే కూలి! చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది.

"మొగిలమ్మవ్వ మంచి మాట అడిగింది! అవ్వకు ఏమీ రాదు! ఎందుకు రాదంటె, ఎవరి ఖాతా వాళ్లదే. అవ్వ ఖాతాల ఏం లేదు. కండ్లున్నన్ని రోజులు అవ్వ ఏసింది వేరేటోళ్లకు పోయింది, కండ్లు పోయినంక వేరేటోళ్లు ఏసేది అవ్వకు రాదు. లెక్క మస్తు సాఫ్! ఇగ అవ్వ నిశ్చింత!"

మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. జనం గడపల్లోకి వచ్చారు. రాజమల్లు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "మల్ల నాకన్న అస్తదా?"

"తమ్మి రాజమల్లు అడుగుతాండు! తమ్మీ, నీకు మస్తుగస్తది. యాభై ఎనిమిది నిండినంక. గప్పటిదాక కాళ్లు చేతులు పైలం. కాలు పోతె ఫికర్ లేదు, ఇంకో కాలికి కవర్ ఉన్నది. అది సుత పోతె నీ ఖాతాల ఎంతుంటే గంతే. ఖాతా నిన్న మొన్న తెరిస్తివి, ఎంతుంటదో నువ్వే అనుకో. డాక్టరు సాబ్ సుత ఉన్నడు. మూడంతస్తులు ఎక్కిపోతె నీకేం లేదంటడు, ఎక్కకపోతె నువ్వు రాలేదంటడు. ఎటు పోయినా నిశ్చింతనే!"

ఒక్క అబద్ధం లేదు. ఒక్క చెడ్డ మాట లేదు. కొమురెల్లి నవ్వు ఆపుకోలేక తొక్కడం మరిచిపోయాడు. "అన్నా, గిది నేను తిప్పిన సినిమాలన్నిటి కన్న మంచిగున్నది," అన్నాడు. పర్శరాములు మాత్రం నవ్వలేదు. చేస్తున్నది ఉద్యోగం, దాన్ని నిష్ఠగా చేస్తున్నాడు. అలా వాడలన్నీ తిరిగాడు, హన్మకొండ చౌరస్తా దాకా పోయాడు. ఎవరేం అడిగినా దాచకుండా చెప్పాడు.

కంపెనీ మెట్ల మీద జనం కిటకిటలాడారు. రాజేశ్వర్ రావు గారు కిటికీలోంచి చూసి పొంగిపోయారు. పబ్లిసిటీ అంటే ఇదీ అన్నారు. డాక్టరు గారికి చాయ్ తెప్పించారు. జనం పైకి వచ్చి, మా పైసలు మాకివ్వండి అన్నప్పుడు గానీ ఆయనకు విషయం బోధపడలేదు. మరుక్షణం స్కూటరు స్టార్టయింది.

రిక్షా అప్పుడు మళ్లీ మగ్గాల వాడలోనే ఉంది. రాజేశ్వర్ రావు గారు స్కూటరు అడ్డం పెట్టి దిగారు. చిరునవ్వు ఆఫీసులోనే మరిచిపోయి వచ్చారు.

"దిగు! ముందు కిందికి దిగు! నిన్ను తీసేస్తున్నా!"

ఇంత పెద్దాయన మాట్లాడుతుంటే వెనకవాళ్లకు వినపడాలి కదా! పర్శరాములు మర్యాదగా మైకును ఆయన నోటి ముందుకు చాచాడు. "ఎందుకు తీసేస్తాన్లు సార్? నేనేమన్న తప్పు చెప్పిన్నా?"

కోపంలో ఉన్నవాడికి ముందున్నది మైకో, మామిడికాయో తెలియదు. "తప్పు నాదయ్యా! ఒంటికాలి వాడికి పని ఇవ్వడమే నా తప్పు! నీతో ఏ పని అవుతుంది? నడవలేవు, నిలబడలేవు! నువ్వు దేనికీ పనికిరావు!"

రెండు లౌడ్‌స్పీకర్లూ ఆ మాటను వాడలోని ప్రతి ఇంటికీ చేరవేశాయి. గోడకు తగిలి మరొకసారి వినిపించింది. చరఖాలు కూడా ఆగిపోయాయి.

ఆ మాట పర్శరాములుకు తగలకపోలేదు. అయినా మైకును తన వైపు తిప్పుకున్నాడు.  

"సార్, గిదే మాట జర మీ డాక్టరు సాబ్‌కు సుత చెప్పున్రి. నాకేం లేదంటాండు."

వాడంతా ఒక్కసారిగా నవ్వింది. రాజేశ్వర్ రావు గారు అప్పుడు మైకును చూశారు, పైన లౌడ్‌స్పీకర్లను చూశారు, గడపల్లో నిలబడ్డ జనాన్ని చూశారు. స్కూటరు మూడు కిక్కులకు గానీ స్టార్టు కాలేదు. ఆ మూడు కిక్కులూ మైకులో శుభ్రంగా వినిపించాయి.

ఆదివారం నాడు సంఘం మీటింగు పెట్టక తప్పలేదు. సారంగపాణి శాలువా లేకుండా వచ్చాడు. "నాకు ముందుగాలనే అనుమానమున్నది," అన్నాడు. మరి ఫోటోలో అంతలా ఎందుకు నవ్వావని ఎవరూ అడగలేదు, పెద్దమనిషి కదా! కంపెనీ సొమ్ము తిరిగి ఇస్తానంది గానీ సర్వీసు చార్జీల పేరుతో కొంత మింగింది. ఉన్నదాన్ని ఏం చేయాలన్నది ప్రశ్న. ఎవరి వాటా వాళ్లకు పంచేద్దామన్నారు కొందరు. ఆ మాటకు తలలూపేవాళ్లు తక్కువేమీ లేరు. పంచేస్తే పర్శరాములుకు, మొగిలమ్మకు వచ్చేది మళ్లీ సున్నాయే. లచ్చవ్వ గోడకు ఆనుకుని నిలబడి చీర చెంగును వేలికి చుట్టుకుంటూ ఉంది.

రాజమల్లు లేచాడు. ఎవరి వాటా వాళ్లకు అంటాడనే అందరూ అనుకున్నారు.

"పర్శరామన్న కాలు మీద బేలు పడ్డనాడు నేను సుత ఆడనే ఉన్న," అన్నాడు అతను. "లారీ కింద ఇద్దరం నిలవడ్డం. అన్న ఇటు, నేను అటు. ఆ తాడు తెగేటప్పుడు ఎవని ఖాతాల ఎంతున్నదో చూసి తెగిందా? అటు తెగితె నేను మెట్ల మీద కూసుంటుంటి, అన్న ఈడ నిలవడి మాట్లాడుతుండె. నా కూలిల పట్టుకునేది ఎప్పటి లెక్క పట్టుకోండ్రి. అందరియి ఒక్కకాడనే ఏయుండ్రి."

మీటింగులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన దగ్గాడు. సారంగపాణి చేతులెత్తమనకముందే చేతులు లేచాయి. లచ్చవ్వ తన చెయ్యి ఎత్తడం మరిచిపోయి కళ్లు తుడుచుకుంది. తర్వాత గుర్తొచ్చి ఎత్తింది.

కంపెనీ మింగింది పోగా మిగిలిన దాంతో కొన్ని నెలలు పింఛను సగమే వచ్చింది. తర్వాత మామూలుగా వచ్చింది. ఎవరి డబ్బు ఎవరు తింటున్నారో తెలియని పాత గందరగోళం వాడలో మళ్లీ నెలకొంది. నాగరికత ఒక నెల ముందుకు పోయి, ఏళ్లకేళ్లు వెనక్కి తిరిగొచ్చింది! లచ్చవ్వ మాత్రం మగ్గం వదల్లేదు. ఇప్పుడామె అంచు గీత గీసినట్టు వస్తుంది. కండెలు పర్శరాములు చుడతాడు, దాంతోపాటు ఎవరి అల్లుడు ఎందుకు అలిగాడో చెబుతాడు.

రాజేశ్వర్ రావు గారిని కంపెనీ ఎక్కడికో బదిలీ చేసింది. పోయే ముందు ఆయన ఇక్కడ ఏం జరిగిందో పైవాళ్లకు చెప్పలేదు. ఎలా చెప్పుకుంటాడు? ఆయన స్థానంలో వచ్చిన కొత్త మేనేజరు ఒకరోజు మిఠాయి పొట్లంతో పర్శరాములు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అతనూ సఫారీ సూటే, అతనిదీ చిరునవ్వే.

"మీరు మైకు పట్టుకుంటే వరంగల్లంతా పనులు ఆపుకుని విన్నదట కదండీ! అలాంటి పబ్లిసిటీ మా కంపెనీ చరిత్రలోనే లేదు. నర్సంపేటలో పత్తి రైతుల కోసం కొత్త స్కీము పెడుతున్నాం. మీరు కాదంటే కుదరదు. కూలి రెండింతలు ఇస్తాం."

పర్శరాములు కండె పక్కన పెట్టాడు. "స్కీము సంగతి కొంచెం చెప్పాల్నా సార్, మొత్తం చెప్పాల్నా?"

"మొత్తం చెప్పాలి! ఒక్క ముక్క కూడా వదలకూడదు!" అన్నాడు మేనేజరు.

మగ్గం గుంటలోంచి లచ్చవ్వ తల పైకెత్తింది. మేనేజరును పైనుంచి కిందిదాకా చూసింది.

"నర్సంపేట మార్కెట్‌కు చుట్టుపక్కల ఊళ్లోళ్లంత అస్తరు సార్," అంది ఎంతో వినయంగా. "రెండు లౌడ్‌స్పీకర్లు సాలవు. నాలుగు కట్టియ్యున్రి."